యూబ్లాక్ ఆరిజిన్: తిరుపతి నెట్ సెంటర్‌లో ఏళ్లుగా వాడుతున్న అనుభవం

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. దర్శనం టికెట్లు, హాల్ టికెట్లు, పరీక్ష ఫీజులు, ప్రింట్లు, జిరాక్సులు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే పని. అన్ని సిస్టమ్‌లలోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్, అంటే వెబ్ పేజీల్లో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్, వేసి ఉంచాను. ఇన్నేళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగింది ఒకటే: పదిమంది వచ్చి కూర్చునే కంప్యూటర్‌లో మొట్టమొదట వేయాల్సింది యాడ్ బ్లాకర్.

యాడ్ బ్లాకర్ అనగానే అందరూ యూట్యూబ్ గురించే అడుగుతారు. మా ఊళ్లో అసలు టెన్షన్ సెర్చ్ దగ్గర ఉంది. కొండకు వచ్చినవాళ్లు గది కోసమో, 300 రూపాయల దర్శనం కోసమో గూగుల్‌లో వెతుకుతారు. ఒక్కోసారి అన్నిటికన్నా పైన కనిపించేది డబ్బు కట్టి పెట్టించుకున్న లింకు. పక్కన 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఎవరి కంటా పడదు. నకిలీ వెబ్‌సైట్లను నమ్మొద్దని టీటీడీ ఎన్నోసార్లు ప్రకటించింది. అయినా మోసపోయి వచ్చేవాళ్లు ఆగలేదు.

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ చేతికిచ్చి, "నాయనా, రూము బుక్ చేసినాము, ఈ రసీదు ప్రింటు తీసియ్యి" అన్నాడు. రసీదు మీద గోపురం బొమ్మ ఉంది, పేర్లు ఉన్నాయి, తేదీ ఉంది. యూపీఐలో డబ్బు ఎవరికి వెళ్లిందో చూస్తే మాత్రం ఎవరో ఒక మనిషి పేరు. ఆయన వెతికిన మాటలే మళ్లీ ఆయన ఫోన్‌లో కొట్టాను, ఆ లింకు అన్నిటికన్నా పైన వచ్చింది. నా సిస్టమ్‌లో అవే మాటలు కొడితే ఆ వరసే లేదు, చివర్లో ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉండే అసలు సైటు మొదటే కనిపించింది. పక్కపక్కనే పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు ఇప్పించాను.

సెర్చ్ ప్రకటనల ముసుగులో జరిగే ఈ మోసం మన దగ్గర మాత్రమే కాదు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ దీని మీదే హెచ్చరిక ఇస్తూ, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని జనానికి సలహా ఇచ్చింది.

ఇక పనితనం. ప్రకటనలు, మనం ఏం చూస్తున్నామో గమనించే ట్రాకర్లు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో ఈజీలిస్ట్ లాంటి జాబితాలు ఉంటాయి. వాటిని చూసుకుని, బ్రౌజర్ ఆ సర్వర్లను అడగబోయే ముందే ఇది ఆపేస్తుంది. కాబట్టి డేటా మిగులుతుంది, పేజీ త్వరగా తెరుచుకుంటుంది, పాత సిస్టమ్‌లు కూడా హ్యాంగ్ కాకుండా నడుస్తాయి. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు ఈ తేడా బాగా తెలుస్తుంది. కొన్ని ప్రైవేటు ఫలితాల సైట్లలో అసలు బటన్ ఒకటుంటే, దాని చుట్టూ 'డౌన్‌లోడ్' అని రాసిన ప్రకటనలు నాలుగైదు ఉంటాయి. చేతులు వణుకుతున్న పిల్లలకు ఏది నొక్కాలో ఎలా తెలుస్తుంది? బ్లాకర్ ఉంటే హాల్ టికెట్ నంబర్ కొట్టే గడి, దాని కింద బటన్, అంతే మిగులుతాయి. అప్పటికీ ఏదైనా వీడియో మూలన అంటుకుని ఉంటే, యూబ్లాక్ ఐకాన్ నొక్కి మెరుపు గుర్తుతో దాన్ని తీసేయొచ్చు. ఈ ఒక్క సదుపాయానికే నేను దండం పెడతాను.

వేసుకునేటప్పుడు పేరు పూర్తిగా చూడండి. రేమండ్ హిల్ తయారుచేసినది యూబ్లాక్ ఆరిజిన్. ఉత్త 'యూబ్లాక్' అని ఇంకొకటి ఉంది, అది 2015లో వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. కొన్ని రకాల ప్రకటనలను 'ఆమోదయోగ్యం' అంటూ వదిలేసే పద్ధతిలో ఇప్పుడు అదీ చేరింది. ఆరిజిన్‌లో ఆ బేరం లేదు. హిల్ విరాళాలు కూడా తీసుకోడు.

క్రోమ్ వాడేవాళ్లకు చేదు వార్త. ఎక్స్‌టెన్షన్లకు గూగుల్ పెట్టిన మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనల వల్ల 2024 నుంచి దశలవారీగా ఆరిజిన్‌ను క్రోమ్‌లో ఆపేశారు. దాని బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. మామూలు ప్రకటనలకు సరిపోతుంది గానీ, ఆరిజిన్‌కు ఉన్నంత పట్టు దానికి లేదు. నేను ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండిపోవడానికి ఇదే కారణం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఫైర్‌ఫాక్స్ వేస్తే ఆరిజిన్ పనిచేస్తుంది. ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకే చోటు లేదు.

దీనివల్ల కానివి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన దొంగ లింకును నొక్కితే ఇది కాపాడుతుందని భరోసా లేదు. యాప్‌ల లోపలి ప్రకటనలు దీని చేతికి అందవు. దర్శనం కోటా విడుదలైన పూట ఆన్‌లైన్ క్యూలో మనల్ని ముందుకు తోయదు, అలా అడిగేవాళ్లు నిజంగానే ఉన్నారు. యూట్యూబ్ 2023లో బ్లాకర్ల మీద పట్టు బిగించినప్పటి నుంచి అక్కడ అప్పుడప్పుడూ ఇబ్బంది తప్పడం లేదు. జాబితాలు అప్‌డేట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎప్పుడైనా ఒక ఫారం ముందుకు కదలకపోతే, ఐకాన్‌లోని పెద్ద పవర్ బటన్ నొక్కి, ఆ సైటు వరకు ఆపి, పేజీ రీలోడ్ చేస్తే సరి.

ఆ బటన్‌ను నేను ఇంకో పనికి కూడా వాడతాను. చిత్తూరు, తిరుపతి వార్తలు రాసే చిన్న సైట్లు కొన్ని ప్రకటనల మీదే బతుకుతున్నాయి. వాటిలో పేజీకి ఒకటో రెండో మర్యాదగా పెట్టుకునేవాటికి నేనే బ్లాకర్ ఆపి ఉంచాను. తెర నిండా పరిచి, మూసే గుర్తును కూడా దాచిపెట్టే సైట్లకు మాత్రం ఆ దయ చూపించడం లేదు.