ఒకేచోట తిరిగి వచ్చే మచ్చ: మూడేళ్లుగా ఆన్‌లైన్ డాక్టర్లను వాడిన అనుభవం

చర్మం మీద మచ్చలకు ఆన్‌లైన్ డాక్టర్ పనికొస్తారా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నా విషయంలో పనికొచ్చారు. జబ్బు పేరు చెప్పింది ఆన్‌లైన్ డాక్టరే. అయితే ఆ పేరు తెలిసే దాకా డబ్బూ పోయింది, టెన్షనూ పడ్డాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

నాకు పెదవి అంచున ఒకటి, ఎడమ చేతి వెనకవైపు ఒకటి మచ్చలు వచ్చేవి. రూపాయి బిళ్లంత గుండ్రంగా, ఎరుపులో ఊదారంగు కలిసినట్టు ఉండేవి. మంట ఎక్కువ, దురద తక్కువ. కొన్ని రోజులకు ఎరుపు తగ్గి నల్లమచ్చ మిగిలేది. నెలలు గడిచాక అది మళ్లీ ఎర్రబడేది, సరిగ్గా అదే చోట. ఇంట్లోవాళ్లు ఒంట్లో వేడి అన్నారు. పక్కింటావిడ సర్పి అంది. మెడికల్ షాపులో తామర అని ట్యూబు ఇచ్చారు. మాది సిరిసిల్ల దగ్గర పల్లె. స్కిన్ డాక్టర్ కోసం కరీంనగర్ వెళ్లే తీరిక దొరికేసరికి ఎరుపంతా పోయి నల్లమచ్చ ఒక్కటే ఉండేది. దాన్ని చూసి ఏ డాక్టరైనా ఏం చెప్పగలరు?

ఆన్‌లైన్‌లో నాకు కలిసొచ్చింది ఇదే. మచ్చ లేచిన రోజే ఫోటో తీసి పంపొచ్చు.

మొదట వాడింది చాట్ ప్లాన్. యాప్ పేరు రాయను. ఫోటో పెట్టిన కాసేపటికే ‘ఫంగల్ ఇన్ఫెక్షన్’ అని జవాబు, కింద క్రీము పేరు, దాని పక్కనే కొనమని బటన్. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంకోసారి ఇంకో డాక్టర్ హెర్పిస్ (వైరస్ వల్ల లేచే పొక్కులు) అని మాత్రలు రాశారు. పెదవి మీద తిరిగి తిరిగి వస్తే ముందు హెర్పిస్‌నే అనుమానిస్తారట, కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. కానీ చేతి మీది మచ్చ గురించి నేను రాసింది ఆయన చదివినట్టు లేదు. ఎప్పుడు వెళ్లినా కొత్త డాక్టరే, కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ఫ్రీ ఫాలోఅప్ కొద్ది రోజులే ఉంటుంది. నెలల తర్వాత తిరిగొచ్చే జబ్బుకు అది దేనికి పనికొస్తుంది? నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

తర్వాత వీడియో కాల్‌కు మారాను. ఆ డాక్టరమ్మ పాత ఫోటోలన్నీ వరసగా పెట్టించుకుని చూసి, “మచ్చ లేవడానికి ముందు రోజు గానీ, అదే రోజు గానీ ఏ మాత్ర వేసుకున్నారమ్మా?” అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. ఫోన్లో ఫోటోల తేదీలూ, మెడికల్ షాపుకు పంపిన ఫోన్‌పే తేదీలూ పక్కపక్కన పెట్టి చూశాం. కడుపు పాడై విరేచనాలు తగ్గే మాత్ర కొన్న ప్రతిసారీ, అది వేసుకున్న కొన్ని గంటల్లోనే మచ్చ లేచింది. కంపెనీలు వేరు, స్ట్రిప్పుల రంగులు వేరు, లోపలున్న మందు మాత్రం ఒకటే: ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర.

జబ్బు పేరు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్. మందు పడకపోవడం వల్ల వచ్చే మచ్చ. మొదటిసారి మచ్చ వచ్చిన చోట కొన్ని రోగనిరోధక కణాలు చర్మంలోనే ఉండిపోతాయట. అదే మందు మళ్లీ ఒంట్లోకి రాగానే అక్కడే దాడి మొదలుపెడతాయి. ఇదేమీ కొత్త జబ్బు కాదు, 1894లోనే ఫ్రెంచి చర్మవైద్యుడు బ్రోక్ దీనికి పేరు పెట్టాడు. నొప్పి మాత్రలు, సల్ఫా మందులు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల కూడా వస్తుంది. విరేచనాలు అనగానే చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చే మన ఊళ్లలో ఈ ఒక్క ప్రశ్న ప్రతి డాక్టరూ అడగాలని గట్టిగా అనిపిస్తుంది.

డాక్టరమ్మ కొద్ది రోజులకు ఒక క్రీము రాశారు. ఆ మాత్ర మళ్లీ ముట్టొద్దన్నారు. రెండు మందుల్లో ఏది పడట్లేదో తేల్చాలంటే ఆసుపత్రిలోనే పరీక్ష చేయాలి, ఇంట్లో వేసుకుని చూడొద్దని హెచ్చరించారు. నేను కరీంనగర్లో నేరుగా ఇంకో స్కిన్ డాక్టర్‌కు ఆ ఫోటోలూ తేదీలూ చూపించాను, ఆయనా అదే జబ్బన్నారు. రెండు మందుల పేర్లూ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. ఎక్కడికెళ్లినా ముందు అదే చూపిస్తాను. ఆ మాత్ర మానేశాక మచ్చ ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. నలుపు మాత్రం నెమ్మదిగా తగ్గుతోంది, చేతి మీద ఇంకా కనిపిస్తుంది.

వాడాలనుకునేవాళ్లు ఫోటో మచ్చ లేచిన రోజే తీయండి. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఊదాగా కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద అయితే అసలు తెలియదు. ముందు రెండు రోజుల్లో వేసుకున్న మాత్రలన్నీ, తలనొప్పి మాత్రతో సహా, అడక్కపోయినా చెప్పండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్, ఆన్‌లైన్ వైద్యం) నిబంధనల ప్రకారం చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అది చూసుకోండి. డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఈ-సంజీవని ఉచితం.

జ్వరంతో పాటు పొక్కులు లేచినా, నోట్లో పుండ్లు పడినా, కళ్లు మండినా, చర్మం ఊడుతున్నా ఫోన్ పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. మందు పడక ప్రాణం మీదికి వచ్చే జబ్బులు అలాగే మొదలవుతాయి.

నేను ఇప్పటికీ ఆన్‌లైన్ వాడుతున్నాను, వీడియో మాత్రమే, అదీ ఆ డాక్టరమ్మ దొరికితేనే. చాట్ ప్లాన్ మళ్లీ తీసుకోలేదు. మందు పడని సంగతి చెప్పడానికి ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. నా మాత్ర సంగతి అక్కడ నమోదు చేయించాను.