యుద్ధకాలం ఫొటో, నేటి ఫొటో: పక్కపక్కనా, ఒకదానిపై ఒకటా?

ఒకే చోట యుద్ధకాలంలో తీసిన ఫొటోనీ, నేడు తీసిన ఫొటోనీ పోల్చాలంటే పక్కపక్కన పెట్టడం తేలిక. నేటి ఫొటోకి మనం నిలబడిన చోటు పాతదానికి రెండడుగులు అటూ ఇటూ అయినా కంటికి ఆనదు. ఒకదానిపై ఒకటి పరిస్తే ఆ రెండడుగులే కొంప ముంచుతాయి: దగ్గరి స్తంభానికీ వెనక గోడకీ మధ్య ఎడం మారిపోతుంది. దీన్ని జూమ్ సరిచేయలేదు. అది సైజునే మారుస్తుంది. పాత ఫొటోలో స్తంభం అంచు వెనకాల ఏ కిటికీని తాకుతోందో చూసుకుని, అలాగే కుదిరేదాకా మనమే జరగాలి.

బెర్లిన్‌లో 1945 నాటి రైక్‌స్టాగ్ (జర్మనీ పార్లమెంటు భవనం) ఫొటోకైతే గోపురాన్ని ఆనవాలుగా పట్టుకోవద్దు. ఇప్పుడున్న గాజు గోపురం 1999లో వచ్చింది. పడమటి ముఖద్వారంలోని ఆరు స్తంభాలు, వాటి పైనున్న అక్షరాలు నమ్మదగ్గవి. వీధికి వీధే కూలిపోయి, కొత్తగా కట్టిన చోట మాత్రం ఒకదానిపై ఒకటి పరిచే ప్రయత్నం దండగ, పక్కపక్కనే పెట్టండి.