పాత లేజర్‌తో మూడు సీజన్లు

2022 మార్చిలో 900 పౌండ్లకు ఒక పాత లేజర్ పడవ కొన్నాను. దానితోపాటు ఒక ట్రాలీ, చిల్లులు పడ్డ కవరు, గట్టిపడిపోయిన తాడు ముక్కలు నాలుగు వచ్చాయి. ఆ పడవతోనే మూడు సీజన్లు ఇంగ్లండ్‌లో థేమ్స్ లోయలోని సెయిలింగ్ క్లబ్బుల మధ్య జరిగే పందేల్లో తిరిగాను. స్లౌలోనూ రెడింగ్‌లోనూ ఉన్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు పడవ గురించి, పందేల గురించి అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

లేజర్ అంటే ఒక్కరే నడిపే డింగీ, అంటే చిన్న తెరచాప పడవ. నాలుగు మీటర్ల చిల్లర పొడవు, పడవ ఒళ్లు 59 కిలోలు, ఒకటే తెరచాప. కింద బరువేమీ ఉండదు కాబట్టి గాలికి ఒరిగితే మన ఒంటి బరువుతోనే నిలబెట్టుకోవాలి. 1969లో బ్రూస్ కిర్బీ అనే కెనడా ఆయన గీసిన డిజైన్ ఇది. పేరు 2019లో ఐఎల్‌సీఏ అని మార్చారు గానీ ఒడ్డున అందరూ లేజరనే అంటారు. తెరచాప సైజును బట్టి 7, 6, 4 అని మూడు రకాలు, 7 అన్నిటికంటే పెద్దది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశపు నేహా ఠాకూర్‌కి రజతం వచ్చింది 4లో, విష్ణు శరవణన్‌కి కాంస్యం వచ్చింది 7లో. ఈ సంగతి మా అమ్మకి గొప్పగా చెబితే, "వాళ్లకి పతకాలొచ్చాయి, నీకు జలుబొచ్చింది" అంది.

మేము ఆడే సిరీస్ పద్ధతి ఇది. చుట్టుపక్కల క్లబ్బులు వంతులవారీగా ఒక్కో ఆదివారం పందెం పెడతాయి. ఏడాదికి ఎనిమిది, వాటిలో మంచివి ఐదు లెక్కలోకి వస్తాయి. మొదట వస్తే ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, చివరికి ఎవరికి తక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు. రాకపోతే సిరీస్‌లో ఎంతమంది పేరిచ్చారో దానికి ఒకటి కలిపి మన ఖాతాలో వేస్తారు. మొదటి ఏడాది నేను నాలుగింటికే వెళ్లగలిగాను. పేరిచ్చింది 41 మంది. ఐదోదాని కింద 42 పాయింట్లు వచ్చిపడ్డాయి. పందెం మానేసి ఒక గృహప్రవేశం భోజనానికి వెళ్లిన ఖరీదు అది.

ఒక్కో క్లబ్బుకీ ఒక్కో రకం పడవలొస్తాయి కాబట్టి హ్యాండీక్యాప్ లెక్క ఉంటుంది. పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అంటారు. ప్రతి రకం పడవకీ ఒక అంకె ఉంటుంది, పడవ నెమ్మదిదైతే అంకె పెద్దది. పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి ఆ అంకెతో భాగిస్తారు. నా పెద్ద తెరచాప లేజర్‌కి 1100 దరిదాపుల్లో ఉంటుంది, పిల్లలు నడిపే టాపర్‌కి 1370 దరిదాపుల్లో. నేను గంటలో పూర్తి చేస్తే లెక్కకొచ్చేది 54 నిమిషాల 33 సెకన్లు. టాపర్ 74 నిమిషాలకు వస్తే 54 నిమిషాల ఒక సెకను. అంటే నేను పడవ ఒడ్డుకు లాగి, బట్టలు మార్చుకుని, టీ కప్పు పట్టుకుని నిలబడ్డాక తాపీగా వచ్చిన పన్నెండేళ్ల పిల్ల నన్ను ఓడించినట్టు. ఇది నిజంగానే జరిగింది. ఆ పిల్ల టీ దగ్గరకొచ్చి "బాగా నడిపారు" అని నన్నే మెచ్చుకుంది. ఏమనాలో తోచలేదు.

ఈ మూడేళ్లలో నాకు దిగిన మత్తు ఒకటుంది, అది చెప్పాలి.

మా క్లబ్బు నీళ్లు ఒకప్పటి కంకర గుంత. తవ్వకం అయిపోయాక నీళ్లు నిండి చెరువైంది. పడమటి గట్టున పొడుగాటి పోప్లార్ చెట్ల వరస. నైరుతి గాలి వీస్తే ఆరో చెట్టుకీ ఏడో చెట్టుకీ మధ్య సందులోంచి ఒక విసురు వస్తుంది. అది ఎక్కడ నీళ్లమీద దిగుతుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. అందరికంటే ముందు అక్కడికి చేరతాను, సర్రున వెళ్లిపోతాను. మా చెరువులో మొదటి ఐదుగురిలో ఉండేవాణ్ణి. గాలి చదవడం వచ్చేసిందనుకున్నాను.

మొదటిసారి బయటికి వెళ్లింది డాచెట్ వాటర్ క్లబ్బుకి. స్లౌ పక్కనే క్వీన్ మదర్ రిజర్వాయర్, ఒక పక్క ఎం4 రహదారి, తలమీద హీత్రూ విమానాలు. అక్కడ నీళ్లు నేల మీద కాదు, నేలకంటే పైన ఉంటాయి. గట్టెక్కి చూస్తేగానీ కనబడవు. చెట్టూ లేదు, చేమా లేదు. నేను వెతుక్కునే సందులేవీ లేవు. గాలి విశాలంగా వీస్తూనే చడీచప్పుడు లేకుండా పది డిగ్రీలు ఇటు, పది డిగ్రీలు అటు తిరుగుతోంది. ఆ సంగతి తెలిసినవాళ్లు గాలి తిరిగినప్పుడల్లా పడవ తిప్పుకుంటున్నారు. నేను మాత్రం ఏ చెట్టూ లేని గట్టు వైపు చూస్తూ విసురు కోసం ఎదురుచూశాను. 34 పడవల్లో 26వది నాది. నాకు తెలిసింది గాలి కాదు, పోప్లార్ చెట్లు.

థేమ్స్ నది మీద ఇంకో పాఠం. బోర్న్ ఎండ్ వైపు గట్టున చెట్లు. ఆ చెట్ల పైనుంచి పోయే గాలిని అందుకోవడానికే అక్కడ థేమ్స్ ఎ రేటర్ అనే పాతకాలం పడవలుంటాయి. వాటి కొయ్య, అంటే తెరచాప కట్టే స్తంభం, నలభై అడుగుల పైమాటే. తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. నా లేజర్ కొయ్య అందులో సగం కూడా ఉండదు. పందెంలో ఎగువకి పోయే భాగంలో నది మధ్యలోకి వెళ్లాను. తెరచాప నిండింది, నీళ్లు పడవకింద గలగలమంటున్నాయి, హాయిగా ఉంది. కాసేపాగి ఒడ్డు చూస్తే ఒక బల్ల, దాని కింద పడుకున్న నల్లకుక్క. రెండు నిమిషాల తర్వాత చూసినా అదే బల్ల, అదే కుక్క. ప్రవాహం నన్ను ఎంత వెనక్కి లాగుతోందో నేను అంతే ముందుకు పోతున్నాను. ఈలోగా డెబ్బై దాటిన ఒక పెద్దాయన తన చెక్కపడవలో గట్టుకి రెండు గజాల దూరంలో, కొమ్మలకింద తల వంచుకుంటూ నెమ్మదిగా నన్ను దాటిపోయాడు. గట్టు దగ్గర ప్రవాహం తక్కువ. గోదావరిలో ఎదురెక్కే పడవలు ఒడ్డు పట్టుకుని పోవడం చిన్నప్పుడు చూసినవాణ్ణే. అయినా గుర్తుకు రాలేదు.

ఇక పడవ సంగతి. మూడేళ్లు వాడాక దీనికి పెద్ద లోపం ఏమిటంటే వెనక మూలలు. మెయిన్‌షీట్, అంటే తెరచాపని లాగే తాడు, వెనగ్గాలిలో పడవ తిప్పినప్పుడు వదులై ఆ మూలకి తగులుకుంటుంది. మీరు అటువైపు కూర్చోబోతారు, తెరచాప మాత్రం ఇటే ఇరుక్కుంటుంది, మీరూ పడవా కలిసి నీళ్లలోకి. తిప్పేముందు తాడుని చేత్తో ఒక్క ఊపు ఊపాలి. అది చేతికి అలవాటయ్యేసరికి ఒక సీజన్ పట్టింది.

రెండోది కొయ్య. ఇది రెండు ముక్కలు. పై ముక్కకి, అది కింది ముక్కలో దూరే చోట ఉండే కాలర్ అనే పట్టీ దగ్గర ఒక రివెట్ ఉంటుంది, పాతబడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. నాది రెండో సీజన్ చివర్లో ఠప్పుమంది. అమ్మినాయన ఆ రివెట్ చుట్టూ ఉన్న తెల్లటి బూజులాంటి తుప్పు సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. పాతది కొనేవాళ్లు ముందు అక్కడ గోరుతో గీకి చూడండి. ఇప్పుడు కార్బన్ ముక్క కూడా వాడొచ్చు గానీ ఖరీదు.

మూడోది పూర్తిగా నా తప్పు. పడవ లోపల బోలుగా ఉంటుంది, వెనక చిన్న కంత, దానికో బిరడా. ఒడ్డుకొచ్చాక బిరడా తీసి లోపలికి చేరిన నీళ్లు వంచేస్తాం. ఒకసారి పరాయి క్లబ్బులో, కొత్త చోటు కంగారులో, బిరడా జేబులోనే పెట్టుకుని దిగాను. మొదటి రౌండు బాగానే ఉంది. రెండో రౌండులో పడవ బద్ధకంగా తిరుగుతోంది. మూడో రౌండులో ఒరిగితే లోపల నీళ్లు గుడగుడమంటూ ఒక పక్కకి దొర్లాయి, అప్పుడు తెలిసింది. రెస్క్యూ బోటులో ఉన్నాయన ట్రాలీ మీదకి లాగడానికి సాయం పట్టి, ధారగా కారుతున్న నీళ్లు చూస్తూ ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

బరువు మాట కూడా చెప్పాలి. నేను 68 కిలోలు. పెద్ద తెరచాప 7.06 చదరపు మీటర్లు, గాలి గట్టిపడితే నాలాంటి బక్కవాడికి అది పోరాటమే. రెండో ఏడాది 6 రకం తెరచాప, దానికి తగ్గ పొట్టి కింది కొయ్య కొన్నాను. అది 5.76. పడవ అదే, అంకె కాస్త పెరుగుతుంది కాబట్టి హ్యాండీక్యాప్‌లోనూ నష్టం లేదు. మొదటే ఆ పని చేసి ఉంటే మోకాళ్లు మిగిలేవి.

క్లబ్బుల గురించి. ఎక్కువచోట్ల మర్యాదగానే చూశారు. ఒక క్లబ్బులో మాత్రం నేను కారు మీంచి పడవ దింపుతుండగా వచ్చి, కొత్తగా నేర్చుకునేవాళ్ల టేబుల్ అటువైపు అని చూపించారు. పడవ నాదేనని చెప్పాక క్షమాపణ చెప్పారు. ఇంకోచోట నా తెరచాప మీద ఒక అంకె ఊడిపోవడంతో పూర్తి చేసిన పందేన్ని పూర్తి చేయనట్టు రాశారు. మెయిల్ పెడితే మూడు వారాలకి సరిచేశారు. అందరూ జీతం లేకుండా వంతులేసుకుని చేసే పని. నేనూ మా క్లబ్బులో ఒకసారి పందెం మొదలయ్యే జెండా అయిదు సెకన్లు ఆలస్యంగా దించి అందరిచేతా చూపులు తిన్నాను.

జనవరిలో క్వీన్ మేరీ రిజర్వాయర్ మీద బ్లడీ మేరీ అని పెద్ద పందెం జరుగుతుంది. నెమ్మది పడవలు ముందు బయల్దేరతాయి, వేగంవి తర్వాత, చివరికి ఎవరు ముందుంటే వాళ్లే. మూడో శీతాకాలంలో వెళ్లాను. సగంలో వేళ్లు తాడు పట్టుకున్నాయో లేదో తెలియని స్థితికొచ్చి తిరిగొచ్చేశాను. కారులో ఫ్లాస్కు మూత తీయడానికి పళ్లు వాడాల్సొచ్చింది. లోపల మిరియాల చారు.

కొనాలా అంటే, ఆదివారాలు ఇంట్లో ఇస్తారా అన్నది ముందు తేల్చుకోండి. కొత్త పడవ ఆరు వేల పౌండ్ల పైమాటే, దాని జోలికి పోవద్దు. మొదటి ఏడాది క్లబ్బు పడవ అద్దెకి తీసుకోండి. పాతది కొంటే పడవ ఒళ్లు ఎత్తి కుదిపి లోపల నీళ్ల చప్పుడు వినండి. వెట్‌సూట్, బూట్లు మాత్రం మంచివి కొనండి. నా 900 పౌండ్ల మీద కొయ్య ముక్క, తెరచాప, తాళ్లు, ప్రవేశ రుసుములు కలిపి ఇంకో 1400 దాకా అయ్యాయి. మూడో సీజన్‌లో 38 మందిలో 17వ స్థానం. డాచెట్‌లో మాత్రం పదకొండో స్థానం.