బ్లూ ట్రెయిన్, మోనోలో

జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘బ్లూ ట్రెయిన్’ను బ్లూ నోట్ రికార్డుల సంస్థ 2022లో, పాత రికార్డులను మేలైన ధ్వనితో తెచ్చే ‘టోన్ పొయెట్’ వరుసలో మళ్లీ విడుదల చేసింది. అందులో మోనో రికార్డును, అంటే ధ్వనంతా ఒకే చానెల్‌లో ఉండేదాన్ని, వచ్చిన కొత్తలోనే కొన్నాను. అప్పటి నుంచి మా టర్న్‌టేబుల్ మీద దీనంతగా తిరిగిన రికార్డు మరొకటి లేదు. రెండు రికార్డుల స్టీరియో సెట్టు కూడా ఉంది, అందులో అవే పాటలను మరోసారి వాయించిన అదనపు టేకులున్నాయి. అయినా నా ఓటు మోనోకే.

కారణం, ఇందులో ఊదేవాళ్లు ముగ్గురు. కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్, లీ మోర్గాన్ ట్రంపెట్, కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్ కలిసి ‘బ్లూ ట్రెయిన్’ పాట మొదట్లో పల్లవిలా వచ్చే చిన్న వరసను ఎత్తుకున్నప్పుడు ముగ్గురి ఊపిరీ ఒకే చోటి నుంచి వచ్చినట్టుంటుంది. స్టీరియోలో ఆ గుంపు ఎడమకీ కుడికీ చెదిరిపోతుంది. తర్వాత కోల్ట్రేన్ ఒక్కడే అందుకుంటాడు. కింది స్వరాల్లో రీడ్ (శాక్సఫోన్ మూతి దగ్గరి పలుచని బద్ద) అదురు కూడా తెలుస్తుంది. ఆ వెనకే వచ్చే మోర్గాన్‌కు అప్పటికి 19 ఏళ్లంటే నమ్మబుద్ధి కాదు.

పియానో మీద మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. 1957 సెప్టెంబరు 15న న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ దీన్ని రికార్డు చేశాడు. ఆయన పనితనం గొప్పదే కానీ, పియానో దగ్గరకు వచ్చేసరికి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఈ ముద్రణ కోసం మాస్టరింగ్ ఇంజనీర్ కెవిన్ గ్రే అసలు టేపు నుంచే కొత్తగా రికార్డు గాడి కోసినా పియానిస్టు కెన్నీ డ్రూ వెనకే ఉండిపోయాడు. టేపులో లేనిది గాడిలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

‘మొమెంట్స్ నోటీస్’లో పాల్ చేంబర్స్ బేస్‌ను కమానుతో వాయిస్తాడు. ఫోనులో వింటే అదంతా ఒకటే రొద. ఇక్కడ తీగ మీద కమాను రాపిడితో సహా వినవచ్చు. ఇది మొదటి వైపు చివరి పాట, గాడి బాగా లోపలికి చేరే చోటు. కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) అమరిక కొంచెం తేడాగా ఉన్నా ట్రంపెట్ ముందుగా ఇక్కడే గరగరమంటుంది.

మరో మాట. యాంప్లిఫయర్‌కు మోనో మీట ఉంటే తప్పక నొక్కండి. మోనో గాడిలో సంగీతం పక్కలకు మాత్రమే కదులుతుంది. స్టీరియో ముల్లు పైకీ కిందికీ ఊగి పట్టుకొచ్చే దుమ్ము చప్పుడు ఆ మీటతో చాలావరకు అణగిపోతుంది. ఏళ్ల తరబడి తిప్పిన రికార్డుకు ఈ తేడా చిన్నది కాదు.

అట్ట మందంగా ఉంది. తెరిస్తే లోపల బ్లూ నోట్ ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన ఫొటోలు.

బ్లూ నోట్ అప్పట్లో 1577 నంబరుతో తెచ్చిన తొలి ముద్రణే కావాలనేవాళ్లను ఆపలేం. దానికి పెట్టే డబ్బుతో మంచి టర్న్‌టేబులే కొనుక్కోవచ్చు.