మర్యాదగా కాదనే ఇంగ్లిష్ వాక్యాలు: చాలాకాలం వాడాక

స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే ఏ కోర్సులోనైనా ఒక జాబితా ఇస్తారు. 'ఇన్ మై ఒపీనియన్', 'ఐ సీ యువర్ పాయింట్, బట్', 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' వగైరా. ఆఫీసు మీటింగుల్లో, మెయిల్స్‌లో, డిబేట్ ప్రాక్టీసులో వీటిని ఏళ్లుగా వాడుతున్నాను. సగం పనికొస్తాయి, మిగతావి గొడవ పెంచుతాయి.

ముందు తీసెయ్యాల్సింది 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్'. జాబితాలో మర్యాద కింద ఉంటుంది గానీ, ఇంగ్లిష్ బాగా అలవాటున్నవాళ్లకు చాలాసార్లు అది తిట్టు ముందు వచ్చే మాటలాగే వినిపిస్తుంది. 'యాక్చువల్లీ' అని మొదలుపెట్టినా అంతే, తప్పులు దిద్దే మాస్టారి గొంతు వచ్చేస్తుంది. 'ఐ సీ యువర్ పాయింట్, బట్' ఒక మీటింగులో ఒకసారికి బాగుంటుంది. మళ్లీ మళ్లీ అంటే ఎదుటివాళ్లు ఆ 'బట్' కోసమే కాచుకుని కూర్చుంటారు.

నేను ఫుల్ మార్కులు వేసేది 'ఇఫ్ ఐ అండర్‌స్టుడ్ యు కరెక్ట్‌లీ'కి. ఎదుటివాళ్ల వాదనను వాళ్లే మెచ్చుకునేలా మనం తిరిగి చెప్పాలి, ఎక్కడ ఒప్పుకుంటున్నామో, వాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నామో చెప్పాలి, విమర్శ ఆ తర్వాతే అంటాడు తత్వవేత్త డేనియల్ డెనెట్. గేమ్ థియరీ మీద పనిచేసిన అనటోల్ రాపపోర్ట్ ఆలోచనల నుంచి తీసుకున్న పద్ధతి ఇది. వాడి చూస్తే ఇంకో లాభం కూడా కనిపించింది. ఇంగ్లిష్‌లో మాటలు కూడగట్టుకోవడానికి మనకు కాస్త టైం దొరుకుతుంది. పైగా చాలా వాదనలు అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే వాళ్లు అసలు ఆ మాటే అనలేదని తేలుతుంది!

చిన్న మార్పులు కూడా పనిచేస్తాయి. 'ఐ థింక్ ఇట్ వోంట్ వర్క్' కంటే 'ఐ డోంట్ థింక్ ఇట్ విల్ వర్క్' మెత్తగా ఉంటుంది. 'యు ఆర్ రాంగ్' బదులు 'దట్ ఫిగర్ లుక్స్ లో టు మీ' అంటే వేలు మనిషి మీద నుంచి అంకె మీదకు మళ్లుతుంది. అయితే 'పర్‌హాప్స్', 'మే బీ', 'ఐ ఫీల్' అన్నీ ఒకే వాక్యంలో పేర్చకండి. టెన్షన్‌లో అందరం చేసే పనే ఇది. చివరికి మన అభిప్రాయం ఏమిటో ఎవరికీ అందదు.

బ్రిటిష్ పార్లమెంటరీ డిబేట్లు (పార్లమెంటులో జరిగేవి కావు, డిబేట్ పోటీల్లో వాడే ఒక పద్ధతి) ఈ జాబితా నేర్పనిది నేర్పాయి. మామూలుగా ఒక్కొక్కరికి 7 నిమిషాలు. మొదటి, చివరి నిమిషాల్లో ఎవరూ అడ్డు రాకూడదు. మధ్యలో ఎదుటి పక్షం లేచి 15 సెకన్లలోపు ప్రశ్న వేయవచ్చు. ఒప్పుకోవడం, 'నో, థాంక్యూ' అని కూర్చోబెట్టడం మాట్లాడేవాళ్ల ఇష్టం. ఎవరూ నొచ్చుకోరు. మీటింగులో మధ్యలో దూరేవాళ్లకు 'కెన్ ఐ ఫినిష్ దిస్ పాయింట్?' అని నవ్వుతూ అనే ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

మెయిల్‌లో మాత్రం ఈ వాక్యాలన్నిటికీ సగం మార్కులే. గొంతు వినపడదు కాబట్టి ఎంత మెత్తగా రాసినా వెటకారంగా చదివేవాళ్లుంటారు. రెండో జవాబుకే వేడెక్కితే నేను 'షల్ వి టాక్?' అని రాసి ఫోన్ చేస్తాను.