మహబూబ్‌నగర్‌ల రైతుల కంపెనీ దుకాణం - పల్లి నూనె, కందిపప్పు, కొర్రలు

న్యూటౌన్ దిక్కు రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ దుకాణం ఉన్నది, కొన్ని నెలల సంది మా ఇంటికి సామాను ఆడికెల్లే తెస్తున్నం. 5కి 4 స్టార్లు ఇస్తున్న, ఒకటి ఎందుకు ఆపిన్నో కింద రాసిన.

పల్లి నూనె అయితే మస్తున్నది. గానుగది, మూత తీస్తేనే పల్లీల వాసన వస్తది, అడుగున కొంచెం మడ్డి ఉంటది భయపడకండి. రేటు రిఫైన్డ్ ప్యాకెట్ కంటే చాలా ఎక్కువ అని అందరు అడుగుతరు, కానీ లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా గింజలు పడతయి, పెద్ద మిల్లులల్ల లెక్క చెక్కల (గింజలు పిండినంక మిగిలే పిప్పిల) ఉన్న నూనె గూడ హెక్సేన్ అనే రసాయనం పోసి ఈడ గుంజరు కదా, ఆ చెక్క మల్ల ఊర్లకే పోయి బర్రెలకు దాణా అయితది. స్టీల్ క్యాన్ పట్కపోతే అండ్లనే పోస్తరు, ప్లాస్టిక్ డబ్బా పైసలు తగ్గిస్తరు.

కందిపప్పు పాలిష్ లేంది, ఒక విజిల్ ఎక్కువ పడతది, రుచి మాత్రం వేరే. కొర్రలల్ల రాళ్లొస్తున్నయి, చెప్పిన, ఇంకా మారలే.

నాకు అన్నిటికంటే నచ్చింది గోడ మీద బోర్డు. రైతుకు క్వింటాలుకు ఎంత ఇచ్చిన్రు, గానుగ ఖర్చెంత, దుకాణం ఖర్చెంత, అన్ని రాసి పెట్టిన్రు. 2023ల చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా చేసిన్రు, సూపర్‌మార్కెట్లల కొర్రల ప్యాకెట్లు నిండినయి, కానీ పండించినోనికి అండ్ల ఎంత ముట్టిందో ఏ ప్యాకెట్ మీద చూడలే. మన పాలమూరు చల్క భూములల్ల వాన నీళ్లతోని కొర్ర, జొన్న, కంది పండుతయి, బోరు మీద బోరు ఏసి అప్పులపాలు కావల్సిన పని లేదు, అయితే గిట్టుబాటు కాకుంటే ఎవరేస్తరు చెప్పండి, మల్ల వలసకు బొంబాయి బస్సే ఎక్కుతరు. పర్యావరణం గురించి ఎంత మాట్లాడినా పైసలు పోయే తొవ్వ మారకుంటే పంట మారది, నేను గట్టిగ నమ్ముతున్న.

ఇసొంటి ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002ల కంపెనీల చట్టం సవరించి దారి ఇచ్చిన్రు. పది మంది రైతులు కలిస్తే పెట్టుకోవచ్చు, షేర్లు ఎన్నున్నా మనిషికి ఒక్కటే ఓటు, లాభంల ఎవరు ఎంత సరుకు పోసిన్రో దాన్ని బట్టి బోనస్ ఇయ్యొచ్చు. బయటి పెట్టుబడిదారు వచ్చి షేర్లు కొని గుంజుకునేటందుకు లేదు.

ఇగ ఆపిన స్టారు సంగతి. ఈడ మెంబర్ కావాలంటే పట్టా పాస్‌బుక్ అడుగుతున్నరు. కౌలు చేసేటోళ్లకు యాడ ఉంటది? ఆడోళ్ల పేరు మీద భూమి ఎందరికున్నది? కలుపు తీసేది, పల్లికాయ తెంపేది వాళ్లే కదా. చట్టంల పంట పనిల ఉన్న ఎవరైనా ఉత్పత్తిదారే అని ఉన్నది, పట్టా ఉండాలె అని లేదు. కౌంటర్ కాడున్న అక్కను అడిగితే "మీటింగుల పెడతం సార్, మేం గూడ అదే అడుగుతున్నం" అన్నది. బోర్డు మెంబర్లు ఇది చదివితే వచ్చే జనరల్ బాడీల తప్పకుండ తీర్మానం చెయ్యండి, ఆ రోజే ఐదో స్టారు పెడత.

పొద్దున పోండి, సాయంత్రానికి నూనె అయిపోతున్నది. జొన్నపిండి కొంచెం కొంచెమే తెచ్చుకోండి, ఎక్కువ రోజులుంటే పురుగు పడుతది.