పాత హోండా సిటీ ఆటోమేటిక్‌కు ఏటీఎఫ్ డీడబ్ల్యూ-1: వాడి చూసిన మీదట

మన దేశంలో 2008 చివర వచ్చి 2013 దాకా అమ్ముడైన హోండా సిటీలోని ఐదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గట్టి పిండమే. అయితే వయసు మీరిన ఈ కారుకు ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్నకు విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు షాపుల్లో అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. మా ఇంట్లో ఈ కారే ఉంది. దానిలో హోండా వారి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) డీడబ్ల్యూ-1 వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని అరుగుదలను తగ్గించడంతో అయిపోదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్ల వైపు మోసుకుపోయేదీ, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వుల దిమ్మ) గుండా ఒత్తిడితో వెళ్లి క్లచ్‌లను బిగించేదీ, పుట్టిన వేడిని బయటికి తీసుకుపోయేదీ అదే. క్లచ్ పట్టుకునే క్షణంలో ఎంత జారాలో, ఎంత గట్టిగా పట్టాలో ఆ ఆయిల్‌లో కలిపిన రసాయనాలే నిర్ణయిస్తాయి. ఆ పాళ్లు కుదరకపోతే గేరు మారినప్పుడల్లా కుదుపు వస్తుంది, లేదా క్లచ్ జారిపోయి కాలుతుంది. కన్వర్టర్ లాకప్ అయ్యే (అంటే ఇంజిన్‌తో నేరుగా బిగుసుకునే) వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, టోల్‌గేటు ముందరి గీతల మీద నడిచినట్టు సన్నటి వణుకు కూడా మొదలవుతుంది.

ఈ గేర్‌బాక్స్‌కు హోండా మొదట సూచించినది ఏటీఎఫ్ జడ్-1. తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1ను తెచ్చి, జడ్-1 వాడిన పాత గేర్‌బాక్సుల్లోనూ దీన్నే పోయవచ్చనీ, రెండూ కలిసినా ఇబ్బంది లేదనీ ఆ సంస్థే స్పష్టం చేసింది. కాబట్టి పాత యజమాని పుస్తకంలో జడ్-1 అని చూసి, అది దొరకలేదని మరో రకానికి వెళ్లిపోవలసిన అవసరం లేదు.

షాపుల్లో తరచుగా చేతిలో పెట్టేది డెక్స్‌రాన్-3 అనే ప్రమాణపు ఆయిల్. పవర్ స్టీరింగుకు కూడా వాడతారు కనుక అది ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ ప్రమాణాన్ని రూపొందించిన జనరల్ మోటార్స్ 2006 చివరితో దానికి లైసెన్సులు ఇవ్వడం మానేసింది. అంటే ఈనాటి డబ్బా మీద డెక్స్‌రాన్-3 అని ఉంటే దాని వెనక ఉన్నది ఆయిల్ తయారీదారు మాట మాత్రమే. ఎర్రగా ఉంటే అన్నీ ఒకటేనన్న వాదనకైతే అసలు ఆధారమే లేదు, ఎందుకంటే ఆ ఎరుపు గుర్తు కోసం కలిపే రంగు, దానితో గుణానికి సంబంధం లేదు. టయోటా టైప్ టీ-4, మిత్సుబిషి ఎస్‌పీ-3 అనే వేరే ఆయిళ్లు కూడా ఎర్రగానే ఉంటాయి.

వాల్వోలిన్ మ్యాక్స్‌లైఫ్ వంటి బహుళ వాహనాల ఏటీఎఫ్‌లను నేను తీసిపారేయను. తయారీదారు ఇచ్చే జాబితాలో డీడబ్ల్యూ-1 పేరు రాతపూర్వకంగా ఉంటే, అసలు ఆయిల్ అందని ఊళ్లో అది మంచి ప్రత్యామ్నాయమే. అయినా అసలుది దొరికేచోట దాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

ఇక ఫలితం. పాత ఆయిల్ గోధుమ రంగుకు తిరిగిన దశలో మా కారు ఇంజిన్ బాగా వేడెక్కాక రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కాస్త తటపటాయించేది. డీడబ్ల్యూ-1 పోసిన తర్వాత ఆ తటపటాయింపు పోయింది. మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆగుతూ కదులుతూ నడిచినా గేర్లు మెత్తగా పడుతున్నాయి. ఉదయం మొదటిసారి డ్రైవ్‌లో వేసినప్పటి కుదుపు మాత్రం తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. ఏ ఆయిలూ అరిగిన క్లచ్‌ను బాగుచేయదు కనుక, కాలిన వాసన వస్తూ గేరు జారుతున్న కారుకు ఇది మందు అని చెప్పలేను.

మార్చే పద్ధతి ఆయిల్ ఎంపికంత ముఖ్యం. డ్రెయిన్ బోల్టు విప్పితే సుమారు రెండున్నర లీటర్లే దిగుతుంది, మిగిలినది ఎక్కువగా కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఒక్కసారికి 40 శాతం మారుతుందనుకుంటే, కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో మూడుసార్లు దింపి పోస్తే దాదాపు 78 శాతం కొత్తదవుతుంది. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం కన్నా పాత గేర్‌బాక్సుకు ఇదే క్షేమమని నా నమ్మకం. బోల్టుకున్న అయస్కాంతం మీది లోహపు పొడిని తుడిచి, వాషర్ కొత్తది వేయించాలి. మట్టం చూడవలసింది బండి వేడెక్కాక, సమతలంలో ఇంజిన్ ఆపిన తర్వాత 60 నుంచి 90 సెకన్ల లోపల. టయోటాల అలవాటున్న మెకానిక్‌లు ఇంజిన్ నడుస్తుండగా చూసి ఎక్కువ తక్కువలు చేస్తారు కనుక దగ్గరుండి చెప్పడం మంచిది.

అంతకుముందరి సిటీ జెడ్‌ఎక్స్‌లోనూ, 2014 నుంచి వచ్చిన సిటీలోనూ ఉన్న ఆటోమేటిక్ సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకం. వాటిలో డీడబ్ల్యూ-1 పోయనే కూడదు, వాటికి హోండా సీవీటీ ఫ్లూయిడ్ వేరుగా ఉంటుంది. కొనేటప్పుడు డీలరు స్పేర్ పార్టుల కౌంటరులోనే బిల్లుతో కొని, సీలు మీ కళ్ల ముందు తెరిపించండి.